బీరువా జరగదు

(రికార్డింగ్ నుంచి రాసుకున్నది. అక్క హైదరాబాద్‌లో, తమ్ముడు మహబూబ్‌నగర్‌లో అమ్మ దగ్గర.)

అక్క: నమస్కారం. ఎర్ర లైటు వెలుగుతోంది కాబట్టి రికార్డింగ్ అవుతున్నట్టే. ల్యాప్‌టాప్‌లో ఉన్నది వైరు లేకుండా టీవీ మీద ఎలా చూడాలి అన్నది ఈరోజు విషయం. గీజర్ ఎపిసోడ్ తర్వాత మీరు ఎక్కువగా అడిగింది ఇదే.

తమ్ముడు: మూడు రోజులుగా ఈ పని మీదే ఉన్నాను. ముందే చెప్పేస్తున్నా. తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, టీవీదీ కాదు. బీరువాది.

అక్క: బీరువా సంగతి తర్వాత. ముందు అడిగిన వాళ్లకు పద్ధతి చెప్పు.

తమ్ముడు: పద్ధతి రెండు నిమిషాల పని. టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ గానీ సోర్స్ గానీ నొక్కితే స్క్రీన్ షేర్ అనో, స్క్రీన్ మిర్రరింగ్ అనో ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. అది తెరిచి ఉంచండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ పట్టుకుని కె నొక్కితే పక్కన చిన్న జాబితా వస్తుంది. అందులో మీ టీవీ పేరు మీద క్లిక్ చేయండి. టీవీ మీద అనుమతి అడిగితే ఓకే చేయండి. బొమ్మ వచ్చేస్తుంది.

అక్క: రాకపోతే?

తమ్ముడు: బీరువా.

అక్క: అబ్బా, ఉండరా. విండోస్ కీ, పి కూడా చెప్పు. దానితోనే చాలామంది తికమక పడుతున్నారు.

తమ్ముడు: అవును. బొమ్మ వచ్చాక విండోస్ కీ పట్టుకుని పి నొక్కితే నాలుగు రకాలు చూపిస్తుంది. డూప్లికేట్ అంటే ఇక్కడ ఉన్నదే అక్కడ. ఎక్స్‌టెండ్ అంటే టీవీ రెండో తెర అవుతుంది, ల్యాప్‌టాప్‌లో మీ పని మీరు చేసుకోవచ్చు. టీవీ మీద ఉత్త వాల్‌పేపరే కనబడుతోంది, ఏమీ రావట్లేదు అంటారే, వాళ్లది ఎక్స్‌టెండ్‌లో ఉన్నట్టు. డూప్లికేట్‌కు మార్చుకుంటే చాలు.

అక్క: మాక్ వాళ్లకు?

తమ్ముడు: కంట్రోల్ సెంటర్‌లో స్క్రీన్ మిర్రరింగ్. టీవీలో ఎయిర్‌ప్లే ఉండాలి. 2019 నుంచి చాలా కంపెనీల టీవీల్లో వస్తోంది. విండోస్ వాడేది మిరాకాస్ట్. అది 2012లో వచ్చింది. ఇవి రెండూ వేరు వేరు భాషలు. మీ టీవీకి ఏ భాష వచ్చో చూసుకోవాలి, అంతే.

అక్క: చాలామంది ఇంకోటి అడిగారు. ఒక హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే అయిపోయేదానికి ఇంత తిప్పలు ఎందుకు అని.

తమ్ముడు: నేనూ అదే అన్నాను కదా, మొదటి రోజు.

అక్క: అన్నావు. నాకు కోపం వచ్చింది. ఎందుకో వినేవాళ్లకు చెప్పాలి. పోయిన దసరాకు ఆ వైరు తట్టుకునే అమ్మ పడింది. మణికట్టుకు కట్టు వేశారు, ఆరు వారాలు. ఆదివారం ఆదివారం మనవడితో వీడియో కాల్ మాట్లాడుతుంది. ఫోన్లో వాడి ముఖం రూపాయి బిళ్లంత కనబడుతుంది. కళ్ల ఆపరేషన్ అయింది, చిన్న తెర వైపు కళ్లు చికిలించి చూస్తూ ఉంటే నాకు చూడబుద్ధి కాదు. టీవీ మీద వాడిని పెద్దగా చూడాలి, నేల మీద మాత్రం వైరు ఉండకూడదు. మనకు కావలసింది ఇంతే.

తమ్ముడు: సరే. కాదనను. వైరు మాట ఇక ఎత్తను.

అక్క: ఎత్తకు. ఇప్పుడు చెప్పుకో నీ బీరువా.

తమ్ముడు: ఇంట్లో ఎవరికీ పట్టదు గానీ చాలా ఇళ్లలో ఇదే కథ. ఫైబర్ వాళ్లు పడకగది కిటికీలోంచి వైరు లాగి, దగ్గర్లో ఎత్తుగా ఏముందో చూసి రౌటర్ బీరువా మీద పెట్టేసి పోతారు. మనదీ అంతే. అటు పక్క గోడ, గోడ వెనక హాలు, హాల్లో టీవీ. గోడకు ఆనుకుని ఆరడుగుల ఇనుప బీరువా. రౌటర్‌ను వెనక్కి నెట్టి, ముందు పాత సూట్‌కేసు పెట్టారు.

అక్క: ఒక్క నిమిషం. మిరాకాస్ట్‌కు రౌటరే అక్కర్లేదు అని నువ్వే చెప్పావు. ల్యాప్‌టాప్, టీవీ నేరుగా మాట్లాడుకుంటాయి, వైఫై డైరెక్ట్ అన్నావు. మరి రౌటర్ ఎక్కడుంటే ఏంటి?

తమ్ముడు: మంచి ప్రశ్న. రెండు కారణాలు. ఒకటి, వీడియో కాల్ వచ్చేది ఇంటర్నెట్ నుంచి, అంటే రౌటర్ నుంచే కదా. ల్యాప్‌టాప్‌లో సాధారణంగా వైఫై రేడియో ఒక్కటే. అదే రౌటర్ నుంచి తీసుకోవాలి, అదే టీవీకి పంపాలి. రెండూ వేరు వేరు ఛానళ్ల మీద ఉంటే అటూ ఇటూ గెంతుతూ ఉండాలి. రౌటర్ సిగ్నల్ బలహీనంగా ఉంటే అటువైపే ఎక్కువ సమయం పోతుంది. ఇటు టీవీ మీద బొమ్మ ముక్కలవుతుంది.

అక్క: రెండోది?

తమ్ముడు: ల్యాప్‌టాప్ పడకగదిలో ఛార్జింగ్ దగ్గర ఉంటుంది. టీవీ హాల్లో. మధ్యలో బీరువా.

అక్క: తలుపు తెరిచే ఉంటుంది కదరా.

తమ్ముడు: అందుకే కొంచెమైనా వస్తోంది. తలుపులోంచి, గోడల మీద పడి, తిరిగి వస్తోంది. ఇనుప రేకు ఆ తరంగాలకు అద్దం లాంటిది, అక్కా. అవతలికి పోనివ్వదు, వెనక్కి కొడుతుంది.

అక్క: అద్దం అంటే గుర్తొచ్చింది. నాన్న కోళ్ల జాలి.

తమ్ముడు: నేను అక్కడికే వస్తున్నాను!

అక్క: నేను చెబుతా, నువ్వు లెక్కలు తప్పు చెబుతావు. కొత్తగా వింటున్న వాళ్ల కోసం. నాన్నది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఏడాది, ఆ ఊళ్లో టీవీ వచ్చింది. కరెంటు స్తంభాలే సరిగా లేని రోజుల్లో. సైట్ అని ప్రయోగం. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన వైపు జరిపి, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు పొలం, ఆరోగ్యం, చదువు గురించి కార్యక్రమాలు వేశారు. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఊరికి ఒక్క టీవీ. అందరూ నేల మీద కూర్చుని చూసేవాళ్లు.

తమ్ముడు: ఆ టీవీలు తయారైంది హైదరాబాద్‌లో, ఈసీఐఎల్‌లో. అది చెప్పు.

అక్క: చెబుతున్నా. నాన్న ఆ మాట ఎంత గొప్పగా అనేవాడో. మా ఊరికి ఆకాశం నుంచి బొమ్మ వచ్చింది, పెట్టె మాత్రం మన హైదరాబాద్‌దే అని. డాబా మీద పదడుగుల గొడుగు. ఇనుప చట్రం, దానికి కోళ్ల గూడుకు వేసే జాలి. అంతే యాంటెన్నా.

తమ్ముడు: అక్కడే నాకు చిన్నప్పటి నుంచీ సందేహం. జాలికి అన్ని రంధ్రాలు ఉంటే తరంగం కారిపోదా అని.

అక్క: నువ్వు నాన్నను అడిగావు. నాన్న ఏమన్నాడు?

తమ్ముడు: ‘జాలిలోంచి కోడి పోతుందా?’ అన్నాడు.

అక్క: అదే. అప్పుడు మనం నవ్వి ఊరుకున్నాం.

తమ్ముడు: ఇప్పుడు లెక్క వేస్తే ఆయన చెప్పింది నిజం. ఆ ఉపగ్రహం పంపింది 860 మెగాహెర్ట్జ్ మీద. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. జాలి కన్ను దానితో పోలిస్తే చాలా చిన్నది. తరంగానికి అది జాలిలా కనబడదు, గట్టి రేకులా కనబడుతుంది. దాని మీద పడి, వెనక్కి మళ్లి, గొడుగు మధ్యలో ఒకచోట చేరుతుంది. మన వైఫై 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్‌ది ఆరు. కోళ్ల జాలికే తిరిగిపోయే జాతి ఇది, బీరువా రేకు ముందు ఎంత?

అక్క: నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. 36,000 కిలోమీటర్ల పైనుంచి పాలమూరు పల్లెకు వచ్చిన బొమ్మ, పన్నెండు అడుగుల అవతలి హాల్లోకి రాదా?

తమ్ముడు: ఆకాశానికీ ఆ డాబాకూ మధ్య బీరువా లేదక్కా. అటు ఉపగ్రహానికి ముప్పై అడుగుల గొడుగు, ఇటు పదడుగుల గొడుగు. రెండూ ఒకదాన్నొకటి చూస్తున్నాయి. అంతమంది అంత శ్రద్ధగా దారి వేశారు. మనం మాత్రం సూట్‌కేసు అడ్డం పెట్టి, టీవీ బాగాలేదు అంటున్నాం.

అక్క: అది మాత్రం నిజం.

తమ్ముడు: ఆ కన్నడం సంగతి చెప్పవా?

అక్క: అవునవును. ఒకే బొమ్మకు రెండు మాటల దారులు ఉండేవి. ఇక్కడ తెలుగు, అటు కర్ణాటక ఊళ్లలో కన్నడం. రాయచూరు వైపు మేనత్త వాళ్లు ఉండేవాళ్లు కదా. సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే నాన్నకు అదే ధ్యాస, ఇప్పుడు అక్కడ అత్త పిల్లలు కూడా ఇదే బొమ్మ చూస్తున్నారు, వేరే మాటలు వింటున్నారు అని. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. పెట్టె ఉంది, గొడుగు ఉంది, బొమ్మ లేదు. కొన్నాళ్లు పిల్లలు సాయంత్రం అయ్యేసరికి వెళ్లి ఉత్త టీవీ ముందు కూర్చునేవాళ్లట.

తమ్ముడు: ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

అక్క: ఆసుపత్రిలో చెప్పాడు. నువ్వు అప్పటికి రాలేదు.

తమ్ముడు: ...

అక్క: సరే. ముందుకు పోదాం. రౌటర్ సంగతి చెప్పు.

తమ్ముడు: బీరువా జరుపుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. నైరుతిలో ఉండాలి, ఉత్తరం వైపు తెరుచుకోవాలి, నాన్న పెట్టిన చోటు అని.

అక్క: అడగకుండా ఉండాల్సింది.

తమ్ముడు: అడిగాను. ఊరుకుంది. మాట్లాడలేదు ఒక పూట. ఇక అడగను. రౌటర్‌నే జరపాలి. ఫైబర్ తీగ వంగితే విరుగుతుంది, దాన్ని ముట్టుకోను. చిన్న ఫైబర్ డబ్బా అక్కడే ఉంచి, దాని నుంచి ల్యాన్ వైరు లాగి రౌటర్ హాల్లోకి తేవాలని...

అక్క: వైరు!

తమ్ముడు: నేల మీద కాదు. తలుపు చట్రం పైనుంచి, సీలింగ్ అంచున, క్లిప్పులు కొట్టి. అమ్మ చేతికే అందదు, కాలికి ఎలా తగులుతుంది?

అక్క: కరెక్టుగా కొలుచుకున్నావా?

తమ్ముడు: పద్నాలుగు మీటర్లు. పదిహేనుది కొన్నాను. పసుపు స్క్రూడ్రైవర్ కూడా దొరికింది.

అక్క: దొరికిందా! ఎక్కడ?

తమ్ముడు: ఇంకెక్కడ.

అక్క: సరే సరే. ఇంకో ఉత్తరం. అపార్ట్‌మెంట్‌లో బీరువా లేదు, అన్నీ చెక్క అల్మారాలే, అయినా ఆగి ఆగి వస్తోందట.

తమ్ముడు: పక్క ఇళ్ల రౌటర్లు. 2.4లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు మూడే, 1, 6, 11. పది ఇళ్లు ఆ మూడింటి మీదే పడతాయి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ చుట్టుపక్కలే. ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ మీదకు మార్చమనండి. అది గోడలు అంతగా దాటదు, కానీ ఒకే గదిలో అయితే హాయిగా ఉంటుంది. ఇంకోటి, యూట్యూబ్ చూడటానికే అయితే మిర్రరింగ్ అసలు వద్దు. వీడియో మీద క్యాస్ట్ గుర్తు ఉంటుంది, అది నొక్కితే టీవీయే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ల్యాప్‌టాప్ రిమోట్ పని మాత్రం చేస్తుంది.

అక్క: మరి వీడియో కాల్‌కు అది కుదరదు.

తమ్ముడు: కుదరదు. కాల్‌కు మిర్రరింగే. అందులో రెండు జాగ్రత్తలు. సౌండ్ టీవీలోంచి వస్తే ల్యాప్‌టాప్ మైకు దాన్నే పట్టుకుని అటు వాళ్లకు వాళ్ల మాటే తిరిగి వినబడవచ్చు. అందుకని కింద స్పీకర్ గుర్తు నొక్కి సౌండ్ ల్యాప్‌టాప్‌కే మార్చుకోవాలి. టీవీకి వెళ్లే బొమ్మ ఎటూ కొద్దిగా ఆలస్యం. గేమ్ మోడ్ పెడితే టీవీ తన వైపు ఆలస్యం కొంత తగ్గిస్తుంది.

అక్క: రెండోది నేను చెబుతా, కెమెరా. ల్యాప్‌టాప్ పక్కన పెడితే అమ్మ టీవీ వైపు చూస్తుంది, మనవడికి చెవి కనబడుతుంది.

తమ్ముడు: పోయిన వారం వాడు అడిగాడు, ‘నానమ్మా, ఎవరిని చూస్తున్నావు?’ అని. ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను టీవీ కింద స్టూలు మీద పెట్టాను. కొంచెం పైకి చూసినట్టు ఉంటుంది, పర్వాలేదు. టీవీ ముందే ఉంటుంది కాబట్టి మధ్యలో అడ్డూ లేదు.

అక్క: ఛార్జింగ్?

తమ్ముడు: కాల్‌కు ముందు నింపి పెట్టాలి. అంతసేపు ఆగుతుంది. బ్యాటరీ పాతదే, గంటన్నర.

అక్క: ఆదివారం వాళ్లు మాట్లాడేది రెండు గంటలు.

తమ్ముడు: అది చూసుకోలేదు.

అక్క: ఛార్జర్ వైరు మళ్లీ నేల మీదకు వస్తుంది.

తమ్ముడు: టీవీ వెనక ప్లగ్ ఉంది. స్టూలు గోడకు ఆనించి పెడితే... ఉండు, కొలిచి చెబుతా. టేపు ఎక్కడ పెట్టానో.

అక్క: మైకు ఆపకుండా వెళ్లకు. కుర్చీ చప్పుడు మొత్తం వస్తోంది.

తమ్ముడు: (దూరం నుంచి) అమ్మా, టేపు చూశావా?

అక్క: సరే, వాడు వచ్చేలోగా నేను ఇక్కడ ఆపేస్తున్నా.