మానని నోటిపూత

పళ్ల డాక్టర్లందరికీ నమస్కారం.

నోరు పూసిందని ఎవరొచ్చినా మన దగ్గర తయారుగా ఉండే మాట ఒకటుంది: ‘వేడి చేసింది, బీకాంప్లెక్స్ వేసుకో.’ మామూలు పూత వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. పేరు మాత్రకు వస్తుంది. నా బాధంతా మానని వాటి గురించి, మానినట్టే మాని మళ్లీ లేచే వాటి గురించి.

ఒకావిడ వచ్చింది, యాభై ఏళ్లుంటాయి. ఐదు నెలలుగా కారం ముట్టలేదు. మజ్జిగన్నం పలచగా పిసుక్కుని తాగుతోంది. సంచీలోంచి తీసిన చీటీలన్నిట్లో అవే మాత్రలు. బుగ్గ లోపల చూస్తే గుండ్రటి పుండు కాదు, పొర చిరిగి మీగడలా వేలాడుతోంది. చిగురు మీద దూదితో మెల్లగా రాస్తే పైపొర ఊడొచ్చింది. ఇది పెంఫిగస్ వల్గారిస్ అనే జబ్బు. కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే డెస్మోగ్లీన్ 3 అనే ప్రోటీన్ మీద మన ఒంట్లోని యాంటీబాడీలే దాడి చేస్తాయి. చాలామందిలో ఇది ఒంటి మీద బొబ్బలు రావడానికి నెలల ముందే నోట్లో మొదలవుతుంది.

ఆవిడకు అప్పటికే ఒకసారి బయాప్సీ అయింది. ‘మామూలు పుండు’ అని రిపోర్టు. ముక్క పుండు నడిమధ్య నుంచి తీశారు మరి! అక్కడ పైపొరే ఉండదు, మైక్రోస్కోపులో ఏం కనిపిస్తుంది? దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఒక ముక్క పుండు అంచు నుంచి తీసి, చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేయాలి. రెండోది పక్కన బాగున్నట్టు కనిపించే పొర నుంచి తీసి, పొరకు అంటుకున్న యాంటీబాడీలను మెరిసేలా చేసి చూపే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష కోసం మైకెల్ ద్రావణంలో పంపాలి. అదీ ఫార్మలిన్‌లో పడిందా, ఆ పరీక్ష పోయినట్టే.

ఇక అడగాల్సినవి. ప్రతిసారీ అదే చోటా? ఏదైనా మాత్ర వేసుకున్నాకే వస్తోందా? అయితే ఆ మందును అనుమానించండి. గట్టి అంగిలి మీద, చిగుళ్ల మీద గుత్తుగా చిన్న పొక్కులు లేస్తుంటే హెర్పిస్ వైరస్ అనుకోండి. మామూలు పూత ఎక్కువగా బుగ్గలు, పెదవుల లోపలి మెత్తటి పొర మీద వస్తుంది.

ఏడాదిలో మూడుసార్లకు తగ్గకుండా పూసే వాళ్లను ఇంకొకటి కూడా అడగాలి: కళ్లు ఎర్రబడి మసకేశాయా, మర్మాంగాల దగ్గర పుండ్లు వచ్చాయా అని. ఇస్తాంబుల్ చర్మవైద్యుడు హులూసి బెచెట్ 1937లో నోటిపూత, కళ్లు, మర్మాంగాల పుండ్లు ఈ మూడింటినీ కలిపి ఒకే జబ్బుగా చూపాడు. ఆలస్యమైతే చూపు పోవచ్చు. కానీ పళ్ల డాక్టరుకు ఆ మూడో సంగతి ఎవరూ తమంతట తాము చెప్పరు. తోడొచ్చిన వాళ్లను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి అడగండి. అవునంటే కంటి డాక్టరుకు ఆ రోజే చీటీ రాయండి.