మా అబ్బాయి నిద్రకి ఆన్‌లైన్ థెరపీ: ఆరు వారాల తర్వాత నా రివ్యూ

నమస్కారం అండీ. ఇవాళ్టి రివ్యూ వస్తువు గురించి కాదు, ఒక థెరపీ గురించి. మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఆటిజం ఉంది. రాత్రి పదింటికల్లా మంచం ఎక్కేస్తాడు కానీ ఒంటిగంటకి కూడా కళ్లు తెరుచుకునే ఉంటాడు. పొద్దున ఏడింటికి లేపడం ఇంకో యుద్ధం. అందుకని ఆరు వారాల ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో చేర్చాం. పేరు చెప్పను, ప్రకటన అనుకుంటారు. ఇలాంటివన్నీ దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తాయి, ఆ పద్ధతి తెలిస్తే చాలు.

దాన్ని సీబీటీ-ఐ అంటారు. నిద్రలేమికి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే నిద్ర చెడగొట్టే ఆలోచనలని, అలవాట్లని మార్చే పద్ధతి. పెద్దవాళ్ల దీర్ఘకాల నిద్రలేమికి ముందు దీన్నే వాడమని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పింది. టీనేజర్లకి ఆన్‌లైన్‌లో చేసినా పనిచేస్తుందని 2015లో నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనంలో తేలింది. ఇక ఆటిజం ఉన్న పిల్లలకైతే ముందు అలవాట్లు మార్చి చూడమని, చాలకపోతే మెలటోనిన్ (నిద్రకి సంబంధించిన హార్మోన్) ఇవ్వొచ్చని 2020లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ చెప్పింది. అది కూడా డాక్టర్‌ని అడిగాకే సుమా, మనంతట మనం కొనేసి కాదు.

మొదటి వారమంతా నిద్ర డైరీ రాయడమే. అందులో మొదటి ప్రశ్న: నిన్న రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టింది? మావాడు అక్కడే ఆగిపోయాడు. "నిద్రపోయినవాడికి టైమ్ ఎలా తెలుస్తుంది?" అన్నాడు. సుమారుగా రాయరా అన్నాను. "సుమారు అంటే అబద్ధమే కదా" అన్నాడు. రెండు రోజులు ఆ గడి ఖాళీగానే ఉంది.

ఇక్కడ థెరపిస్ట్‌కి మార్కులు వేయాలి. వాడికి గ్రహాలంటే పిచ్చి. రాత్రి సన్నటి గొంతుతో గ్రహాల గురించి చెప్పే ఆడియో వింటాడు, ఒక్కో గ్రహానికి పది నిమిషాలు. మామూలుగా మంచం మీద నిద్ర తప్ప ఇంకేం వద్దంటారు. ఈవిడ మాత్రం ఆడియో ఉండనిచ్చి ప్రశ్నే మార్చేశారు: ఏ గ్రహం వరకు విన్నట్టు గుర్తుంది? దానికైతే వాడు నిజాయితీగా జవాబు రాయగలడు. బుధుడు, శుక్రుడు, భూమి, అలా నెప్ట్యూన్ దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చిన రాత్రులూ ఉన్నాయి. శని దాటిందంటే మర్నాడు మాకు శని పట్టినట్టే.

ప్రోగ్రామ్ యాప్ మాత్రం ఇంత తెలివైనది కాదు. "నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కండి" అని రాసుంది. మావాడు నిద్ర రావడం అంటే ఎలా ఉంటుందని అడిగాడు. నవ్వకండి. ఆటిజం ఉన్న చాలామందికి ఆకలి, దాహం, అలసట లాంటి ఒంటి సంకేతాలు సరిగా తెలియవు. అందుకని వాడిలో పైకి కనబడే గుర్తులు రాసుకున్నాం: ఆవులింత, చెవి రుద్దుకోవడం, ఒకే వాక్యం రెండుసార్లు చదవడం. వీటిలో రెండు కనిపిస్తే మంచం ఎక్కాలి.

ఇంకోటి చెప్పాలి. "ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి వెళ్లండి" అని ఇంకో సూచన. ఇది చదివి వాడు బుద్ధిగా ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకున్నాడు. ఆ రాత్రి పదిహేను నిమిషాల్లోనే నిద్ర పట్టింది. అలారం లేపేసింది! ఆ తర్వాత రెండున్నర దాకా జాగారమే. మాటని మాటగానే తీసుకునే పిల్లల కోసం రాసేటప్పుడు ఇవి చూసుకోవద్దా?

అసలు పనిచేసింది మంచం మీద గడిపే టైమ్ తగ్గించడం. వాడు తొమ్మిది గంటలు పడుకుని ఉంటే నిద్ర ఆరు గంటలే, అంటే 67 శాతం. అందుకని అర్ధరాత్రి పన్నెండు నుంచి ఏడు వరకే మంచం అన్నారు. అందులో 85 శాతం నిద్రపోతే పదిహేను నిమిషాలు పెంచుతారు. తక్కువ నిద్రపోతున్న పిల్లాడిని ఇంకా ఆలస్యంగా పడుకోమంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? మొదటి నాలుగు రోజులూ చిరాకు, ఏడుపు. అయిదో రోజు నుంచి దారిలో పడింది. లెక్క కాబట్టి వాడికి నచ్చింది కూడా. శాతం వాడే వేసుకునేవాడు.

ఇదొక్కటీ మాత్రం డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి. ఆటిజం ఉన్నవాళ్లలో ఫిట్స్ ఎక్కువగా కనిపిస్తాయి, నిద్ర తగ్గితే ఫిట్స్ రావొచ్చు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం, ఐరన్ తక్కువై కాళ్లు లాగడం లాంటివి ఉన్నాయేమో కూడా ముందే చూపించుకోవాలి. యాప్ ఇవేవీ అడగలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఆలోచనలు మార్చుకునే పాఠాలు మాకు పెద్దగా పనికిరాలేదు. నవ్వు మొహం, ఏడుపు మొహం బొమ్మలు చూసి "ఇది చిన్నపిల్లలది" అని మూసేశాడు. బరువు దుప్పటి (లోపల బరువు పెట్టి కుట్టిన దుప్పటి) గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా: 2014లో చేసిన పరీక్షలో దానివల్ల నిద్ర పెరగలేదు, పిల్లలకి మాత్రం నచ్చింది. మావాడికీ నచ్చింది, ఉంచాం.

ఆన్‌లైన్ కావడం వల్లే జరిగిన మేలు ఒకటుంది. వాడు కెమెరా ఆపేసి, జవాబులు టైప్ చేశాడు. కొత్త గది, ట్యూబ్‌లైట్ రొద, కళ్లలోకి చూసి మాట్లాడాల్సిన టెన్షన్ ఏమీ లేవు. ఎదురుగా కూర్చోబెడితే ఇందులో సగం కూడా చెప్పేవాడు కాదు.

పదికి ఏడు ఇస్తాను. థెరపిస్ట్ లేకుండా యాప్ ఒక్కటే అయితే నాలుగు.

ఇప్పుడు పదకొండుంపావుకి పడుకుంటున్నాడు, ఏడింటికి లేస్తున్నాడు. ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలంటారు, ఇంకా అక్కడికి చేరలేదు. ఆదివారం పొద్దున లేవడానికి ఇప్పటికీ గొడవే. నిన్న రాత్రి డైరీలో మాత్రం "అంగారకుడు, సగం" అని రాశాడు.