యురేనియం గాజు షేడ్ కొన్నా, వర్తేనా? | పాత ల్యాంప్ రివ్యూ

నమస్తే అండీ, బెజవాడ నుంచి. ఇవాళ టేబుల్ మీదున్నది పాత ల్యాంప్ షేడ్, వన్‌టౌన్‌లో ఒక పాత సామాన్ల కొట్లో దొరికింది, ఎంతకి కొన్నానో మాత్రం అడక్కండి, మా ఇంట్లోవాళ్ళు కూడా ఈ వీడియో చూస్తారు. చూడ్డానికి లేత అరటాకు రంగు గాజు, ఇందులో ఏముంది అనుకుంటారు. ఆగండి, లైట్లు తీసి యూవీ టార్చి వేస్తున్నా... అదీ!! ఆ ఆకుపచ్చ కెమెరాలో సరిగ్గా రావట్లేదు, ఎదురుగా చూస్తే ఇంకా పిచ్చెక్కిస్తుంది.

గాజు కరిగించేటప్పుడు రంగు కోసం యురేనియం కలిపేవాళ్ళన్నమాట, బరువులో మామూలుగా 2 శాతం దాకా. 1830ల్లో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశం వైపు, గాజు పనిచేసే రీడెల్ కుటుంబం దీన్ని బాగా పైకి తెచ్చింది. 1880ల్లో అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ కంపెనీ యురేనియంతో పాటు బంగారం కూడా కలిపి బర్మీస్ గ్లాస్ చేసింది, కింద పసుపు, పైకి పోయేకొద్దీ గులాబీ, కొవ్వొత్తి పెట్టే బుల్లి ఫెయిరీ ల్యాంపులు అందులో వచ్చాయి, కలెక్టర్లు వాటి కోసం కొట్టుకుంటారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో యురేనియం అంతా బాంబుల పనికి పోయింది, గాజువాళ్ళకి దొరకలేదు, అందుకే అంతకుముందు సరుకంటే అంత మోజు.

రేడియేషన్ వల్లే మెరుస్తుందని చాలామంది అనుకుంటారు, కాదండీ. యూవీ పడితే యురేనియం దాన్ని ఆకుపచ్చ వెలుగుగా తిప్పిస్తుంది, టార్చి ఆపితే అదీ ఆగిపోతుంది. రేడియేషన్ ఉంది కానీ చాలా తక్కువ, షెల్ఫ్‌లో పెట్టుకుంటే భయం లేదు. వైరింగ్ కోసం డ్రిల్ మాత్రం వేయించకండి, ఆ పొడి పీల్చకూడదు.

ఇప్పుడు నాకు నచ్చనిది చెప్తా. లోపల మామూలు ఎల్‌ఈడీ బల్బు పెడితే ఈ మ్యాజిక్ ఏమీ ఉండదు, ఎందుకంటే అందులో యూవీ లేనట్టే, ఉత్త పసుపు షేడ్‌లా కూర్చుంటుంది. అదే సాయంత్రం పూట కిటికీ పక్కన పెట్టండి, ఆ ఆకాశం వెలుతురుకే అంచులు ఆకుపచ్చగా తేల్తాయి, నా మటుకు అసలు అందం అదే.

కొనేవాళ్ళకి ఒక్కటి, యూవీ టార్చిల మీద నానోమీటర్లలో ఒక నంబరు ఉంటుంది, అది వెలుగు తరంగదైర్ఘ్యం. 365 టార్చికి మాంగనీస్ ఉన్న పాత గాజు కూడా కొంచెం మెరుస్తుంది, యురేనియం అని అంటగడతారు. చవకగా వచ్చే 395 టార్చికి మాంగనీస్ పెద్దగా పలకదు, యురేనియం మాత్రం దంచేస్తుంది, అదే జేబులో వేసుకెళ్ళండి. స్క్రూలు పట్టే అంచు కూడా వేలితో తడిమి చూడండి, పెచ్చులు లేచేది అక్కడే. నా దానికీ ఓ పెచ్చు ఉంది, గోడవైపు తిప్పి పెట్టేస్తా లెండి.