ఫిట్సా, సొమ్మసిల్లడమా? ఫోన్ వీడియో చూసి తేల్చడం

నమస్కారం. ఇవాళ ఒక్కటే పని. ఈ 40 సెకన్ల క్లిప్ చూసి ఇది ఫిట్సా, కళ్లు తిరిగి పడిపోవడమా చెప్పాలి. నేర్పడానికి నటించి తీసిందే, పేషెంటు కాదు.

షుగర్ చూశారు, బీపీ పడుకోబెట్టీ 3 నిమిషాలు నిలబెట్టీ చూశారు, సరే. ఈసీజీ మాత్రం ఎవరికీ వదలొద్దు, 12 లీడ్లదే తీయండి. అందులో క్యూటీ, అంటే ఒక్కో గుండె చప్పుడుకి కింది గదులు కరెంటు అందుకుని మళ్లీ సిద్ధమయ్యేందుకు పట్టే వ్యవధి, కొలవండి. లాంగ్ క్యూటీతో, అంటే ఆ వ్యవధి ఎక్కువై గుండె లయ తప్పి, పడిపోయే పిల్లలకి ఫిట్స్ మాత్రలు ఇచ్చుకుంటూ పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక వీడియో. ముందు కళ్లు. ఇదిగో, ఇక్కడ ఆపుతున్నా. తెరిచే ఉన్నాయి. ఫిట్స్‌లో అంతే, సొమ్మసిల్లినా చాలాసార్లు అంతే. గట్టిగా మూసుకుని, రెప్ప లేపబోతే ఇంకా బిగిస్తుంటే ఫంక్షనల్ సీజర్, అంటే మెదడు కరెంటులో ఫిట్స్ తేడా లేకుండానే ఫిట్స్‌లా వచ్చేది, దాని గురించి ఆలోచించాలి. అది నటన కాదు. ఇంటివాళ్ల ముందు ఆ మాట అసలు అనకండి.

ఇప్పుడు కుదుపులు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. చేతులు కొట్టుకున్నాయి కదా అని ఫిట్స్ అని రాసేస్తారు. మెదడుకి రక్తం తగ్గి పడిపోయినా కొట్టుకుంటాయండీ. నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి... రెండు... ఆగండి, వెనక్కి వెళ్దాం. వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో ఇంగ్లీషు ‘ఈ’ నొక్కితే ఒక్కో ఫ్రేమే కదులుతుంది, నాకు అదే హాయి. మళ్లీ. ఒకటి, రెండు, మూడు... ఆరు. అంతే, ఆగిపోయాయి. 10 లోపు ఉంటే సొమ్మసిల్లడం వైపు, 20 దాటితే ఫిట్స్ వైపు. లయ కూడా చూడండి: ఓసారి చెయ్యి, ఓసారి భుజం, పొంతన లేదు, ఇదీ సొమ్మసిల్లడం వైపే.

తర్వాత తేరుకోవడం. 20 సెకన్లలో పక్కనున్న తమ్ముణ్ణి గుర్తుపట్టాడు. పెద్ద ఫిట్స్ అయితే చాలా నిమిషాలు అయోమయంగా ఉంటారు. నాలుక చాపించండి, పక్కన కరుచుకున్న గాటు ఉందా? ఉంటే ఫిట్స్ వైపు. కొసన ఉంటే లెక్కలోకి రాదు. బట్టల్లో మూత్రం పోవడమూ అంతే, రెండింట్లోనూ ఉంటుంది.

ఈఈజీ, అదే మెదడు కరెంటు పరీక్ష? నార్మల్ వచ్చిందని ఫిట్స్ కాదనకండి. ఫిట్స్ ఉన్నవాళ్లలో చాలామందికి మొదటిసారి నార్మలే వస్తుంది.

ఇంటివాళ్లకి ఇలా చెప్పండి: మళ్లీ వస్తే ఒకరు పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలూ వద్దు. ఇంకొకరు దుప్పటి తీసి, ముఖమూ కాళ్లూ పడేలా, పూర్తిగా తేరుకునేదాకా ఫోన్‌లో తీయాలి. 5 నిమిషాలు దాటితే వీడియో ఆపేసి 108కి ఫోన్ చేయాలి.