తాళం చేతికి రాకముందు

శ్రోతలందరికీ నమస్కారం.

మన అనంతపురం వైపు కారు బాడుగకు మాట్లాడుకుంటే డ్రైవరూ దాంతోపాటే వస్తాడు. తిరుమలకైనా శ్రీశైలానికైనా ముందురోజు ఫోన్ చేస్తే చాలు, తెల్లవారుజామున ఇంటి ముందు హారన్ వినిపిస్తుంది. డీజిల్, టోల్, బత్తా అన్నీ నోటిమాట మీదే నడుస్తాయి. దారిలో పంచరైనా, బండికి గీత పడినా చూసుకునేది డ్రైవరే.

ఇప్పుడు మన పిల్లలు బెంగళూరులో విమానమెక్కించి అమ్మానాన్నలను మారిషస్‌కో, బాలికో, అండమాన్‌కో తీసుకెళ్తున్నారు. దిగిన చోటే, విమానాశ్రయంలోనే, డ్రైవరు లేని కారు తీసుకుంటున్నారు. నాకు ఇది చాలా మంచి పద్ధతి అనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు బస్సులెక్కి దిగక్కర్లేదు, నచ్చిన చోట ఆగొచ్చు. కాకపోతే కౌంటర్ దగ్గర సంతకం పెట్టిన క్షణం నుంచి ఆ బండి మంచిచెడ్డలన్నీ మనవే. కాబట్టి అక్కడ ఒక అరగంట తీరిగ్గా గడపండి.

అంతకంటే ముందు ఇక్కడే చేసుకోవలసిన పని ఒకటుంది. విదేశాల్లో నడపాలనుకుంటే మన ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఫీజు 1000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. శ్రీలంకలో దానికి తోడు అక్కడి అనుమతి పత్రం కూడా కావాలి. మారిషస్, శ్రీలంక, బాలి, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ అన్నిచోట్లా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. మారిషస్‌లో మాత్రం రౌండబౌట్లు ఎక్కువ. అప్పటికే లోపల తిరుగుతూ కుడివైపు నుంచి వస్తున్న బండికి దారి ఇచ్చి తీరాలి. మన టవర్ క్లాక్ దగ్గర దూరినట్టు దూరకూడదు.

అండమాన్ మన దేశమే, మన లైసెన్సే చాలు. అక్కడ చూడాల్సింది నంబరు ప్లేటు. మన దేశంలో సొంతంగా నడుపుకోవడానికి బాడుగకిచ్చే కార్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తక్కువకు వస్తుందని తెల్ల ప్లేటు సొంత కారు బాడుగకు తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేసే వీలుంది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు కదా, అక్కడ తీసుకున్న కారు మామూలుగా అక్కడే ఉండిపోతుంది. హావ్‌లాక్‌కు, అంటే స్వరాజ్ ద్వీప్‌కు, మనం ఓడలో వెళ్లి అక్కడ స్కూటరో ట్యాక్సీయో చూసుకోవాలి. ఆ రోజులకు కూడా కారు బాడుగ కట్టడం దండగ.

ఇక కౌంటర్ దగ్గరికి వద్దాం. విదేశాల్లో చాలాచోట్ల డిపాజిట్‌కు క్రెడిట్ కార్డే అడుగుతారు, అదీ కారు నడిపే మనిషి పేరు మీదే ఉండాలంటారు. నాన్న కార్డు ఇచ్చి కొడుకు నడుపుతానంటే ఒప్పుకోకపోవచ్చు. ఆ డబ్బు తీసుకోరు, కార్డు లిమిట్‌లో ఆపి ఉంచుతారు. బండి తిరిగిచ్చాక విడుదల కావడానికి రోజులు పడుతుంది. మిగతా ఖర్చులకు లిమిట్ సరిపోతుందో లేదో ఇంట్లోనే లెక్క వేసుకోండి.

అసలు చిక్కంతా ఇన్సూరెన్స్‌లోనే. బాడుగలో ఇన్సూరెన్స్ కలిసే ఉందంటే పూర్తిగా ఉందని అనుకోకండి. నష్టంలో మొదటి కొంత మొత్తం మనమే భరించాలని రాసి ఉంటుంది. దాన్ని ఎక్సెస్ అంటారు. అది ఎంతో అంకె అడిగి తెలుసుకోండి. టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం చాలా ఒప్పందాల్లో ఆ రక్షణలోకి రావు. ఇసుకలోకి, మట్టిదారిలోకి దింపితే చెల్లదని కూడా రాస్తారు. సముద్రం కనిపిస్తే తీరం దాకా పోనివ్వాలనిపిస్తుంది, ఆ మాట గుర్తుంచుకోండి. ఇంకొకటి, ఒప్పందంలో పేరు లేని మనిషి స్టీరింగ్ పట్టుకుంటే ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు. అన్నదమ్ములిద్దరూ నడపాలనుకుంటే ఇద్దరి పేర్లూ రాయించండి.

తాళం తీసుకున్నాక సామాన్లు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఫోన్ తీయండి. నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి బండి చుట్టూ ఆపకుండా ఒక వీడియో తీయండి. చక్రాల అంచులు, అద్దాలు, స్టెప్నీ, పెట్రోలు ముల్లు, కిలోమీటర్ల అంకె, అన్నీ కనిపించాలి. గీతలు వాళ్ల కాగితం మీద లేకపోతే రాయించి సంతకం పెట్టించండి. ధర్మవరంలో మా బంధువుల అబ్బాయికి ఊరికి వచ్చాక ఈమెయిల్ వచ్చింది, చక్రం అంచు గీసుకుపోయింది, డబ్బు కట్టాలని. మొదటిరోజు వీడియోలో ఆ గీత ఉంది. అది పంపగానే వాళ్లు ఊరుకున్నారు.

తిరిగిచ్చేటప్పుడు కూడా అలాంటి వీడియోనే తీయండి. వాళ్లు నిండు ట్యాంకుతో ఇచ్చి ఉంటే మనమూ నిండుగానే ఇవ్వాలి. దగ్గర్లోని బంకులో పోయించి రశీదు దాచుకోండి. తెల్లవారుజాము విమానమైతే ఆఫీసు తెరిచి ఉంటుందా, తాళం ఎక్కడ వేయాలి అని మొదటిరోజే అడగండి. స్పీడ్ కెమెరాల జరిమానాలు కొన్ని వారాల తర్వాత కూడా కార్డు మీద పడుతుంటాయి, కాబట్టి ఇంటికి చేరాక వచ్చే రెండు మూడు స్టేట్‌మెంట్లు ఒకసారి చూసుకోండి.

నమస్కారం.