ఆపరేషన్ రోజు తాగిన గంజికీ ఐదేళ్ల ఆయుష్షుకీ లంకె ఉందా?

యాంకర్: నమస్కారం. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ చుట్టూ ఈమధ్య 'ఎరాస్' అనే మాట బాగా వినిపిస్తోంది. ఎక్కువసేపు పస్తు ఉంచకుండా, త్వరగా తాగించి, నడిపించి పేషెంట్ తొందరగా కోలుకునేలా చూసే పద్ధతుల జాబితా అది. పేషెంట్ త్వరగా ఇంటికెళ్తాడు, సరే. ఎక్కువకాలం బతుకుతాడా? ముందు మీరు చెప్పండి బాబూ, నాన్నగారికి ఎలా జరిగింది?

పేషెంట్ కొడుకు: ముందురోజు రాత్రి ఎనిమిదింటికే నోరు కట్టేశారండీ. ఆపరేషన్ మర్నాడు మధ్యాహ్నం రెండింటికి. ఆ తర్వాత గ్యాస్ పోయేదాకా చుక్క నీళ్లివ్వలేదు, నాలుగు రోజులు. ఒకటే సెలైన్ బాటిల్స్. మేమూ తక్కువ తిన్లేదు లెండి, కుట్లు ఊడిపోతాయని మంచం దిగనివ్వలేదు.

సర్జన్: మేమంతా అలాగే నేర్చుకున్నాం. 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ దీన్ని ప్రశ్నించారు. పేగు కోసి కుట్టినవాళ్లకు అదే రోజు తాగించి, నడిపించి చూశారు. కుట్లు ఊడలేదు, పేగే ముందుగా కదిలింది.

మత్తు డాక్టర్: ఆపరేషన్‌కు రెండు గంటల ముందు దాకా నీళ్లు, పాలు కలపని టీ తాగొచ్చు. కాఫీలో పాలు పోస్తే మాత్రం కుదరదు. షుగర్ ఉన్నవాళ్లు, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్లు మమ్మల్ని అడగాలి. ఇక సెలైన్. ఎక్కువ ఎక్కిస్తే పేగు గోడ నీరు పట్టి ఉబ్బుతుంది, కదలిక మందగిస్తుంది. బాటిల్ ఎక్కితేనే బలం అనుకుంటారు మనవాళ్లు!

యాంకర్: ఇదంతా ఆ వారం సంగతి. ఐదేళ్ల మాటేంటి?

సర్జన్: స్టాక్‌హోమ్‌లో ఎర్స్టా అని ఒక ఆసుపత్రి. 2002 నుంచి 2007 దాకా ఆపరేషన్ అయిన 911 మంది రికార్డులు చూసి 2016లో అచ్చువేశారు. ఎరాస్ అంశాల్లో 70 శాతమో అంతకంటే ఎక్కువో అమలైనవాళ్లు 273 మంది. మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లలో ఐదేళ్లలోపు క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు 42 శాతం తక్కువగా కనిపించింది.

క్యాన్సర్ డాక్టర్: ఆ అంకె విని చప్పట్లు కొట్టేముందు ఒక్క మాట. అది పాత రికార్డుల లెక్క, చీటీ వేసి రెండు గుంపులు చేసిన ట్రయల్ కాదు. గట్టి మనిషి మొదటి రోజే లేచి నడుస్తాడు, తింటాడు. అతని పేరిట శాతం దానంతటదే పెరుగుతుంది. పద్ధతి వల్ల బతికాడా, గట్టివాడు కాబట్టి పద్ధతి కుదిరిందా?

సర్జన్: వయసు, జబ్బు స్టేజి లాంటివి సరిచూశారు డాక్టర్ గారూ.

క్యాన్సర్ డాక్టర్: కాగితం మీదకు ఎక్కినవి సరిచూస్తారు. ఎక్కనివో? అలాగని లంకె లేదనను. నేను నమ్మే దారి వేరు. పేగు కుట్టు లీకైనా, న్యుమోనియా వచ్చినా పేషెంట్ ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమోకి నా దగ్గరకు ఆలస్యంగా వస్తాడు. 2011లో పది అధ్యయనాలు, పదిహేను వేల మందికి పైగా పేషెంట్ల లెక్కలు కలిపి చూస్తే, కీమో నాలుగు వారాలు వెనక్కి జరిగినకొద్దీ మరణం ముప్పు 14 శాతం చొప్పున పెరిగింది. సర్జన్ గారు పేషెంట్‌ను ఎనిమిది వారాల్లోపు నిలబెట్టి పంపిస్తే నాకంతకన్నా ఏం కావాలి?

పేషెంట్ కొడుకు: మా నాన్నకు మూడు నెలలకు గానీ మొదలవ్వలేదండీ. పుండు మానలేదు.

క్యాన్సర్ డాక్టర్: ఆలస్యమే బాబూ. కానీ ఆ 14 శాతం గుంపు లెక్క. మీ నాన్నగారొక్కరి జాతకం అందులో ఉండదు. స్కాన్లు, క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష మానకండి.

యాంకర్: సర్జన్ గారూ, మరి మీ వార్డులో ఎంత శాతం అమలవుతోంది?

సర్జన్: (నవ్వి) రాయకముందు అంతా చేస్తున్నామనే అనుకున్నాం. చార్టు పెట్టి రోజూ టిక్కులు కొట్టాక తెలిసింది. గంజి టైముకే అందుతోంది, మంచం దించడం మాత్రం సాయంత్రమయ్యేసరికి ఆగిపోతోంది. రాత్రి డ్యూటీలో ఉండేది ఇద్దరు నర్సులు. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు సాయంత్రం ఆరింటికి కూడా వస్తున్నారు.

మత్తు డాక్టర్: ఆదివారం తప్ప.

సర్జన్: అవును, ఆదివారం తప్ప.