ఈకలు రాలే మూడు వారాలు

శ్రోతలకు నమస్కారం.

దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్‌కి దగ్గర్లో బౌల్డర్స్ బీచ్ అని ఓ చోటు ఉంది. అక్కడ గుండ్రటి పెద్ద బండల మధ్య ఒక్కోసారి ఓ పెంగ్విన్ కదలకుండా నిలబడి ఉంటుంది. చిరిగిన పరుపులోంచి దూది బయటికొచ్చినట్టు ఒళ్లంతా ఈకలు రేగిపోయి ఉంటాయి. కాళ్ల చుట్టూ రాలిన ఈకల కుప్ప. చూసినవాళ్లు పాపం జబ్బు చేసిందేమో అనుకుంటారు. జబ్బేమీ కాదు. పాము కుబుసం విడిచినట్టు అది ఏడాదికోసారి పాత ఈకలు వదిలించుకుంటోంది.

మన కోళ్లూ ఈకలు రాలుస్తాయి గానీ కొన్ని కొన్నిగా. పెంగ్విన్‌కి అన్నీ ఒక్కసారే రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా, అంటే సుమారు మూడు వారాలు, అది సముద్రంలో దిగలేదు. దిగితే చన్నీళ్లు ఒంటికి తగిలి తట్టుకోలేదు. దిగకపోతే చేప లేదు. కాబట్టి కటిక ఉపవాసం. ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆధారం. ఆ మూడు వారాల్లో బరువు దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే అంతకుముందు కొన్ని వారాల పాటు సముద్రంలో కడుపారా తిని ఒళ్లు చేసుకుని వస్తుంది. ఆ తిండి చాలకపోతే నిలబడ్డ చోటే ప్రాణం పోతుంది.

పెంగ్విన్ అనగానే మనకు మంచు గుర్తొస్తుంది. ఈ ఆఫ్రికన్ పెంగ్విన్ మంచు ముఖమే చూడదు. స్వేచ్ఛగా బతికే పక్షిగా దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో తప్ప ఇంకెక్కడా గుడ్లు పెట్టదు. అరుపు అచ్చం గాడిద ఓండ్ర పెట్టినట్టే ఉంటుంది. తినేది సార్డిన్, ఆంకోవీ. మన తీరంలో కవళ్లు, నెత్తళ్లు అంటామే, వాటి చుట్టాలే. గుంపులుగా తిరిగే ఈ చిన్న చేపల కోసం అక్కడ పెద్ద వలల పడవలూ తిరుగుతాయి.

ఇటీవలి దశాబ్దాల్లో సార్డిన్ గుంపులు పశ్చిమ తీరం నుంచి తూర్పుకు జరిగాయి. సముద్రం తీరు మారడం, వేట ఎక్కువ కావడం, రెండూ కలిశాయి. పెంగ్విన్లు మాత్రం జరగలేకపోయాయి. గూట్లో ఆకలితో పిల్ల ఎదురు చూస్తుంటే 30, 40 కిలోమీటర్లు దాటి ఎలా పోతాయి?

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది పిల్లల సంగతి. గూడు వదిలిన పిల్లకు వేట ఎక్కడో చూపించేవాళ్లు ఉండరు. చల్లటి నీళ్లు, పాచి బాగా పట్టిన నీళ్లు ఉంటే అక్కడ చేప ఉంటుందని పుట్టుకతోనే దానికి తెలుసు. ఆ గుర్తు పట్టుకుని ఎన్నో పిల్లలు ఉత్తరాన నమీబియా వైపు ఈదుతాయి. నీళ్లు చల్లగానే ఉన్నాయి. పాచీ ఉంది. చేపే లేదు. గత శతాబ్దంలోనే దాన్ని వలలు ఊడ్చేశాయి. ఇప్పుడక్కడ జెల్లీఫిష్‌ల రాజ్యం. పిల్ల చేసిన తప్పేమీ లేదు, దాని తాతముత్తాతలకు ఆ గుర్తే అన్నం పెట్టింది.

వందేళ్ల కిందట ఈ పక్షులు 10 లక్షలకు పైగా ఉండేవి. మనుషులు వాటి గుడ్లు తిన్నారు. అవి బొరియలు తవ్వుకునే గట్టిపడిన రెట్టను ఎరువు కోసం గీకి ఓడలకెత్తారు. నీడ లేక ఎండకు మాడే గూళ్లు మిగిలాయి. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ మునిగి చమురు ఒలికితే, చమురంటిన 19,000 పక్షుల్ని పట్టుకుని ఒక్కొక్కదాన్నీ కడిగారు. చమురంటని మరో 19,000కు పైగా పక్షుల్ని వందల కిలోమీటర్లు తూర్పుకు తీసుకెళ్లి వదిలారు. అవి ఈదుకుంటూ ఇల్లు చేరేలోపు సముద్రం శుభ్రపడింది. అప్పటి మనుషుల పట్టుదల తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ చమురును కడగొచ్చు, ఆకలిని ఎలా కడుగుతాం? 2024 అక్టోబర్ నాటికి మిగిలింది 10,000 జంటల లోపే. ఆ నెలలోనే దీన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో చేర్చారు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో మత్స్యకారుల ఇళ్లలో ఉండే ఇబ్బంది తెలిసినవాళ్లకు అక్కడి పడవల వాళ్ల బాధా అర్థమవుతుంది. అయినా గూళ్ల దగ్గర వేటకు హద్దులు కావాలని పక్షుల తరఫు సంస్థలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చిలో రాజీ కుదిరింది. పెంగ్విన్లు గుడ్లు పెట్టే 6 ముఖ్యమైన చోట్ల చుట్టూ 10 ఏళ్ల పాటు సార్డిన్, ఆంకోవీ వేటకు హద్దులు గీశారు.

ఏడాది చివర్లో మరో చిక్కు వస్తుంది. గూట్లో పిల్ల ఇంకా చిన్నదే, తల్లికీ తండ్రికీ ఈకలు రాలే వేళ ముంచుకొస్తుంది. ఇక తిండి తేలేవు. అలా దిక్కులేకుండా మిగిలిన పిల్లల్ని, 1968లో మొదలైన సాంకాబ్ అనే సంస్థ వాళ్లు తెచ్చి, చేత్తో చేప తినిపించి పెంచుతారు. ఈకలకు నీళ్లు అంటకుండా అయ్యాక పెట్టెలో పెట్టి తీరానికి తీసుకెళ్తారు. మూత తీస్తే అది కాసేపు అటూ ఇటూ చూసి, నీళ్ల వైపు నడుస్తుంది. ఏడాది దాటాక తొలిసారి ఈకలు రాల్చుకోవడానికి మళ్లీ ఒడ్డెక్కాలి. ఆలోగా దానికి కడుపు నిండా చేప దొరకాలి.

నమస్కారం.